ఎండ విటమిను – విద్యార్థుల మనస్సు

డిసెంబరు 21వ తేదీ మిట్టమధ్యాహ్నం తిరుపతిలో ఆరుబయట నిలుచున్న మనిషి నీడ అతని ఎత్తులో ముప్పాతిక వంతు మాత్రమే ఉంటుంది. అదే రోజున బోస్టన్ నగరంలో మిట్టమధ్యాహ్నపు నీడ మనిషి ఎత్తుకు రెండింతలు దాటి సాగుతుంది. ఆనాడు తిరుపతిలో సూర్యుడు క్షితిజం నుండి 53 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. బోస్టన్‌లో సుమారు 24 డిగ్రీల వరకు లేచి అక్కడినుండే దిగిపోతాడు. ఏటా ఆగస్టు మాసంలో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుండి పైచదువులకై అమెరికా ఉత్తర రాష్ట్రాలకు వచ్చి చేరే యువతీయువకులు, మొదటి సెమిస్టరు పరీక్షలు వ్రాసే నాటికి ఆ పొట్టి నీడను విడిచి ఈ పొడుగు నీడలోకి వచ్చి ఉంటారు. ఇక్కడే పుట్టిన ప్రవాసుల బిడ్డలకు చిన్ననాటి నుండి తెలిసినది ఈ పొడుగు నీడే.

కళాశాలలో చదువుకొనే పిల్లలు శీతకాలంలో డీలాపడి, తరగతులకు వెళ్ళక, ఫోనెత్తక గదిలోనే ఉండిపోతున్నారన్న మాట వచ్చినప్పుడు ఈ మధ్య తెలుగు కుటుంబాలలో తరచుగా వినవచ్చే సమాధానం ఒకటుంది: “విటమిన్ డి తక్కువై ఉంటుంది, మాత్రలు వేసుకుంటే సర్దుకుంటుంది.” ఈ సమాధానంలో నిజం ఉన్నది, కాని సగమే. ఏ సగం నిజమో విడదీసి చూడవలసిన అవసరం ఉన్నది. ఎందుకనగా, రెండవ సగాన్ని నమ్మి ఊరుకున్న ఇంట్లో నష్టపోయేది ఒక పిల్లవాని చదువు కావచ్చు, కొన్ని సందర్భాలలో ప్రాణమే కావచ్చు.

విటమినుగా పేరుబడిన హార్మోను

ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో ఐరోపా పారిశ్రామిక నగరాలలోని పిల్లలను పట్టి పీడించిన వ్యాధి రికెట్స్. ఎముకలు గట్టిపడక కాళ్ళు దొడ్డికాళ్ళుగా వంగిపోయేవి. 1919లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కపిల్లలకు ఈ వ్యాధి తెప్పించి, కాడ్ చేప కాలేయపు నూనెతో నయం చేశాడు. అదే సంవత్సరం బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అనే వైద్యుడు ఏ నూనే ఇవ్వకుండా, పాదరసపు దీపం నుండి వెలువడే అతినీలలోహిత కిరణాలతో రోగగ్రస్తులైన పిల్లలను బాగుచేశాడు. ఒక చేతిపై మాత్రమే కిరణాలు ప్రసరింపజేసినా రెండవ చేతి ఎముకలు కూడ గట్టిపడడం ఆయన గమనించాడు. అనగా చర్మంలో తయారైన ఏదో పదార్థం రక్తంతో పాటు దేహమంతటా సంచరిస్తున్నదన్నమాట. ఇది హార్మోను లక్షణం. కాని పేరు పెట్టే అవకాశం నూనె వైపు వారికి దక్కింది. 1922లో అమెరికాలో ఎల్మర్ మెకాలమ్ చేప నూనెను వేడిచేసి, దానిలోకి గాలిని పంపి, విటమిన్ ‘ఎ’ను నశింపజేసిన తరువాత కూడ ఆ నూనె రికెట్స్‌ను నయం చేస్తున్నదని చూపాడు. ఎ, బి, సి అప్పటికే వాడుకలో ఉన్నందున కొత్త పదార్థానికి ‘డి’ అనే అక్షరం వచ్చింది. ఈ పదార్థాల రసాయన స్వరూపాన్ని అధ్యయనం చేసిన జర్మన్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ విండౌస్‌కు 1928లో నోబెల్ బహుమతి లభించింది.

నూనె, ఎండ రెండూ ఒకే వ్యాధిని ఎలా కుదుర్చుతాయి? సమాధానం చర్మంలో ఉన్నది. మన చర్మంలో 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం సహజంగా ఉంటుంది. దాని అణువులో నాలుగు వలయాలున్నాయి. 290 నుండి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కిరణం తాకినప్పుడు రెండవ వలయం ఒకచోట తెగి విచ్చుకుంటుంది. అలా ఏర్పడినది ప్రీవిటమిన్ డి3. ఆపై వెలుతురుతో పని లేదు. ఒంటి వెచ్చదనానికే అది కొన్ని గంటలలో విటమిన్ డి3గా మారుతుంది. మరి గంటల తరబడి ఎండలో నిలుచుంటే? ఎక్కువైన ప్రీవిటమిన్‌ను ఆ ఎండే లుమిస్టెరాల్, టాకిస్టెరాల్ అనే ఇతర పదార్థాలుగా మార్చివేస్తుంది. అందుచేత ఎంత ఎండ కాచినా విటమిన్ డి విషస్థాయికి చేరదు. ప్రకృతి పెట్టిన ఈ అడ్డుకట్ట సీసాలోని మాత్రకు లేదు. ఈ సంగతి తరువాత మళ్ళీ అవసరమవుతుంది.

ఒడియాలు ఎండబెట్టే ఇళ్ళలో అందరికీ తెలిసిన సత్యమే: ఏ వేళ ఎండ ఆ వేళదే. సూర్యుడు ఏటవాలుగా ఉన్నప్పుడు కిరణాలు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించాలి. పైనున్న ఓజోను పొర ఆ దారిలో 290–315 నానోమీటర్ల కిరణాలను దాదాపుగా మ్రింగివేస్తుంది. కంటికి కనిపించే వెలుగు మాత్రం నిక్షేపంగా దిగివస్తుంది. అందుకే మంచుమీద పడి కళ్ళు మిరుమిట్లు గొలిపే జనవరి ఎండలో ఎంతసేపు నడిచినా చర్మంలో విటమిన్ తయారు కాకపోవచ్చు. కిటికీ అద్దం కూడ ఈ కిరణాలను ఆపివేస్తుంది కనుక అద్దం వెనుక ఎండకాగడం వల్ల వెచ్చదనం తప్ప మరేమీ రాదు. ఒక సులువైన గుర్తు పరిశోధకులే చెప్పారు: నీ నీడ నీకంటె పొడుగ్గా ఉన్నంతసేపు ఎండవల్ల వచ్చే విటమిన్ స్వల్పం.

ఈ సంగతిని 1988లో బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ హోలిక్ బృందం ప్రయోగపూర్వకంగా నిరూపించింది. మబ్బులేని రోజులలో సైతం బోస్టన్‌లో నవంబరు నుండి ఫిబ్రవరి వరకు చర్మంలో ప్రీవిటమిన్ ఏర్పడలేదు. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఆ కాలం అక్టోబరు నుండి మార్చి వరకు సాగింది. కాని 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద, అనగా దాదాపు హైదరాబాదు నగరానికి సమానమైన చోట, నడి శీతకాలంలో కూడ ప్రీవిటమిన్ చక్కగా తయారయింది. తిరుపతిలో సి. వి. హరినారాయణ్, ఆయన సహచరులు 7-డీహైడ్రోకొలెస్టరాల్ నింపిన ఆంపూళ్ళను ఎండలో ఉంచి గంటగంటకూ కొలిచారు. ఏడాది పొడుగునా ఉదయం 11 నుండి మధ్యాహ్నం 2 గంటల మధ్య మార్పు గరిష్ఠంగా జరిగింది. మన పెద్దలు “ఎండలో తిరగకురా” అని కేకవేసే సమయం సరిగ్గా అదే!

మేనిఛాయ సంగతి కూడ చెప్పుకోవాలి. చర్మంలోని మెలనిన్ అనే వర్ణపదార్థం ఇవే కిరణాలను పీల్చుకుంటుంది. 1986లో ప్రచురితమైన ఒక పరిశోధనలో భారతీయ, పాకిస్తానీ వలసదారుల చర్మానికి విటమిన్ డి తయారుచేసే సామర్థ్యం తెల్లవారితో సమానంగానే ఉన్నదని, అయితే దానికి మరింత ఎక్కువసేపు ఎండ తగలాలని తేలింది. అనగా లోపం చర్మంలో లేదు. వేడి దేశపు ఎండకు అమరిన గొడుగును మంచు దేశంలో కూడ పట్టుకు తిరగడం వంటిది ఇది.

ఎండలు కాచే నేల నుండి లోటుతో వచ్చేవారు

ఇంతవరకు చదివినవారికి ఒక ఊహ కలగడం సహజం. ఆంధ్రదేశం నుండి కొత్తగా దిగిన విద్యార్థి కొండంత నిల్వతో వస్తాడు, ఒకటి రెండు చలికాలాల తరువాత గాని లోటు తెలియదు అని. వాస్తవం వేరు. 2000లో ప్రచురితమైన ఢిల్లీ పరిశీలనలో ఆరుబయట పనిచేసే సైనికులలో కొంత మెరుగ్గాను, ఆసుపత్రులలో పనిచేసే వైద్యులు, నర్సులలో బాగా తక్కువగాను విటమిన్ డి కనిపించింది. తిరుపతి పరిసరాలలో జరిపిన అధ్యయనాలు కూడ పొలంలో పనిచేసే గ్రామీణులకంటె పట్టణవాసులలో ఈ విటమిన్ తక్కువని చూపాయి. పదవ తరగతి నుండి ఎంట్రన్సు పరీక్షల దాకా తెల్లవారుజామున కోచింగు, పగలంతా తరగతి గది, రాత్రి స్టడీ అవర్లుగా గడిపిన పిల్లలకు ఊరు నిండా ఎండ ఉన్నా ఒంటికి తగిలినది ఎంత? పైగా రక్తంలోని నిల్వరూపం సగానికి తగ్గడానికి రెండు మూడు వారాలు చాలు. కొవ్వులో దాగినది కొంత ఆదుకొన్నా, ఆగస్టులో విమానం దిగినవాని పెట్టుబడి డిసెంబరుకల్లా చాలావరకు కరిగిపోతుంది.

ఆ నిల్వరూపం పేరు 25-హైడ్రాక్సీ విటమిన్ డి. చర్మం నుండి, ఆహారం నుండి వచ్చిన విటమిన్‌ను కాలేయం ఈ రూపంలోకి మారుస్తుంది. తరువాత మూత్రపిండాలు దానిని అసలు హార్మోనుగా మారుస్తాయి. రక్తపరీక్షలో కొలిచేది నిల్వరూపాన్నే. ఇక్కడ ఎన్నో కుటుంబాలు పొరబడే విషయం ఒకటుంది. హైదరాబాదు, అమెరికా ప్రయోగశాలలు సాధారణంగా మిల్లీలీటరుకు నానోగ్రాములలో ఫలితం ఇస్తాయి. బ్రిటన్, కెనడాలలో లీటరుకు నానోమోల్‌లలో ఇస్తారు. మొదటిదానిని రెండున్నరతో హెచ్చవేస్తే రెండవది వస్తుంది. టొరంటోలోని కొడుకు రిపోర్టులో 50 చూసి గుంటూరులోని తండ్రి నిశ్చింతపడడమూ, గుంటూరు రిపోర్టులో 20 చూసి టొరంటోలో కంగారుపడడమూ రెండూ అనవసరం. ఆ రెండూ ఒకే సంఖ్య.

ఎంత ఉంటే చాలు? అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010 చివర వెలువరించిన నివేదిక ప్రకారం ఎముకల ఆరోగ్యానికి 20 నానోగ్రాములు దాదాపు అందరికీ సరిపోతాయి. 30 ఉండాలని 2011లో చెప్పిన ఎండోక్రైన్ సొసైటీ 2024లో ఆ గీతను తానే విరమించుకొని, ఆరోగ్యవంతులైన పెద్దలందరికీ ఈ పరీక్ష చేయించనక్కరలేదని సూచించింది. “లోటు” అన్న మాట ఏ గీతను బట్టి వచ్చిందో అడిగి తెలుసుకొనడం మంచిది. గీత మారితే రాత్రికి రాత్రే లక్షలమంది రోగులు కావచ్చు, లక్షలమంది స్వస్థులు కావచ్చు.

మెదడుతో దీనికేమి పని?

ఎముకల విటమిన్ మనస్సు దాకా ఎలా వచ్చింది? ఈ హార్మోనును గుర్తించే గ్రాహకాలు, నిల్వరూపాన్ని హార్మోనుగా మార్చే ఎంజైము, రెండూ మానవ మెదడులోనే ఉన్నాయని 2005లో ఆస్ట్రేలియాకు చెందిన డారిల్ ఐల్స్, ఆయన సహచరులు చూపారు. తల్లి ఎలుకలకు విటమిన్ డి లేకుండా చేస్తే పుట్టిన పిల్లల మెదడు నిర్మాణంలో తేడాలు వచ్చాయని ఆ బృందమే అంతకుముందు ప్రకటించింది. మనోభావాలతో సంబంధమున్న సెరోటోనిన్ తయారీకి అవసరమైన ఎంజైము జన్యువును ఈ హార్మోను ప్రేరేపిస్తుందని 2014లో రోండా పాట్రిక్, బ్రూస్ ఏమ్స్ ఒక ప్రతిపాదన చేశారు. ఇవన్నీ “ఇలా జరిగే వీలున్నది” అని చెప్పేవి. జరుగుతున్నదా అన్నది మనుషులలో చూడాలి.

విద్యార్థులలోనే చూసినవారున్నారు. అమెరికా పశ్చిమోత్తరాన వానలకు, మబ్బులకు పేరుబడిన ప్రాంతంలో ఓరెగన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడి డేవిడ్ కెర్, ఆయన సహచరులు 185 మంది విద్యార్థినులను విద్యాసంవత్సరంలోని వేర్వేరు కాలాలలో చేర్చుకొని, ఒక్కొక్కరిని ఐదు వారాల పాటు అనుసరించారు. వారి ఫలితాలు 2015లో ప్రచురితమైనాయి. మొదట రక్తంలో విటమిన్ తక్కువగా ఉన్నవారిలో తరువాతి వారాలలో మానసిక కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. ఋతువు, ఒంటి బరువు, ఆహారం, వ్యాయామం, బయట గడిపిన సమయం అన్నీ లెక్కలోకి తీసుకున్న తరువాత కూడ ఆ సంబంధం మిగిలింది. శ్వేతజాతీయులు కాని విద్యార్థినులలో 61 శాతం మందికి, మిగిలినవారిలో 35 శాతం మందికి 30 నానోగ్రాములకు లోబడి ఉన్నది. ఇంకొక సంగతి: మొత్తం మీద మూడోవంతు మందికి పైగా ప్రతివారం వైద్యపరంగా పట్టించుకోదగిన కుంగుబాటు లక్షణాలను తెలిపారు. విటమిన్ మాట అటుంచి, ఈ చివరి అంకె ఒక్కటే తల్లిదండ్రులు ఆగి చదవదగినది. న్యూజీలాండు దక్షిణాన డునెడిన్‌లో 615 మంది యువతీయువకులపై 2014లో వెలువడిన అధ్యయనంలోనూ విటమిన్ తగ్గేకొద్దీ కుంగుబాటు లక్షణాలు పెరగడం కనిపించింది.

ఇక్కడితో ఆపితే కథ సుఖాంతమే. కాని రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణం కానక్కరలేదు. కుంగిపోయిన విద్యార్థి గది దాటడు; సరిగా తినడు; ఆటలు మానుతాడు. అతనికి విటమిన్ తగ్గడం కుంగుబాటుకు ఫలితం కూడ కావచ్చు. కొలబద్ద విషయంలోనూ ఒక చిక్కు ఉన్నది. ఇటువంటి అధ్యయనాలలో తరచుగా వాడే 20 ప్రశ్నల పట్టికలో ఏ పని చేసినా భారంగా అనిపించడం, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం వంటివి ఉన్నాయి. విటమిన్ డి బాగా తగ్గినప్పుడు కండరాల నొప్పులు, నీరసం వస్తాయి కనుక, మనస్సు మామూలుగా ఉన్నా ఆ పట్టికలో నాలుగు మార్కులు పడవచ్చు.

అందుచేత చివరి మాట ప్రయోగానిదే. కొందరికి విటమిన్, కొందరికి రూపంలో అదేవిధంగా ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది అందినదో రోగికీ వైద్యునికీ తెలియకుండా ఉంచి, ఫలితం చూడాలి. బ్రిస్బేన్‌లో 128 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులపై అలా చేశారు. ఆరువారాలు రోజుకు 5,000 యూనిట్ల చొప్పున ఇవ్వగా రక్తంలో విటమిన్ పెరిగింది; జ్ఞాపకశక్తిలో గాని, మనోభావాలలో గాని మార్పు రాలేదు. 2011లో ఆ ఫలితం వచ్చినప్పుడు, ఎండలు కాచే బ్రిస్బేన్‌లో వారికి మొదటే పెద్ద లోటు లేదు గదా అని విమర్శ రావడానికి వీలున్నది. 2020లో వచ్చిన ఫలితాన్ని అంత తేలికగా తోసివేయలేము. అమెరికాలో 50 ఏళ్ళు దాటిన 18,353 మందికి సగటున ఐదేళ్ళకు పైగా సాగిన ప్రయోగమది. రోజుకు 2,000 యూనిట్లు తీసుకున్నవారిలో 609 మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 625 మందికి కుంగుబాటు వచ్చింది. చెప్పుకోదగిన తేడా లేదు. అయితే వారు ఇరవై ఏళ్ళ విద్యార్థులు కారు. మొదట కుంగుబాటు లేనివారు.

అప్పటికే కుంగుబాటు ఉన్నవారి మాటేమిటి? ఫిన్లాండు పరిశోధకుని నాయకత్వంలో 41 ప్రయోగాలను, 53 వేలమందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూసిన సమీక్ష 2022లో వెలువడింది. విటమిన్ డి వల్ల లక్షణాలు కొంత తగ్గినట్లు, ముఖ్యంగా అప్పటికే బాధపడుతున్నవారిలో తగ్గినట్లు కనిపించిందని అది చెప్పింది. ఆ సాక్ష్యం బలం తక్కువదని కూడ అదే ఒప్పుకున్నది. వీటన్నిటిని తూకం వేస్తే తేలేది ఇది: లోటున్నవారికి ఆ లోటు తీర్చడం అన్ని విధాలా మంచిదే, మనస్సుకు కొంత సాయం చేసినా చేయవచ్చు. కాని కుంగుబాటుకు ఇదే చికిత్స అనడానికి ఆధారం లేదు.

ఇంకొక గందరగోళాన్ని కూడ తొలగించాలి. చలికాలంలో మాత్రమే వచ్చి వసంతంలో పోయే కుంగుబాటును 1984లో నార్మన్ రోజెన్‌తాల్, ఆయన సహచరులు వర్ణించారు. దక్షిణాఫ్రికా నుండి అమెరికాకు వచ్చిన ఆయనకు ఇక్కడి చలికాలపు దిగులు స్వానుభవమే. దానికి ఉదయం పూట అరగంట 10,000 లక్సుల ప్రకాశవంతమైన దీపం ముందు కూర్చుండే చికిత్స వాడుకలో ఉన్నది. ఆ దీపం పనిచేసేది కళ్ళద్వారా. శరీరంలోని గడియారాన్ని సరిచేస్తుంది. మంచి దీపాలలో అతినీలలోహిత కిరణాలను వడగట్టి ఉంచుతారు కనుక దానివల్ల విటమిన్ డి రాదు. మాత్ర మింగితే దీపం పని జరగదు, దీపం ముందు కూర్చుంటే మాత్ర పని జరగదు. ఈ రెండింటినీ “ఎండ తక్కువవడం” అనే ఒకే మూటలో కట్టడం వల్లనే సగం అపోహలు పుడుతున్నాయి.

మాత్రల సంగతి

అమెరికాలో పెద్దలకు సిఫారసు చేసిన దినసరి మోతాదు 600 యూనిట్లు, 70 ఏళ్ళు దాటినవారికి 800. వైద్యుని పర్యవేక్షణ లేకుండా 4,000 దాటకూడదు. బ్రిటన్‌లో 2016 నుండి 400 యూనిట్లు చెబుతున్నారు. దక్షిణాసియా వారివంటి మేనిఛాయ గలవారు ఏడాది పొడుగునా వేసుకొనడం గురించి ఆలోచించాలని అక్కడి ఆరోగ్యశాఖ సలహా. అమెరికా పాలలో 1930ల నుండి విటమిన్ డి కలుపుతున్నారు. గ్లాసుకు సుమారు 100 యూనిట్లు. ఆ పాలు తోడుపెట్టిన పెరుగులోనూ అది ఉంటుంది. కాని ఎంత పెరుగన్నం తిన్నా దానితోనే 600కు చేరడం కష్టం.

శాకాహార కుటుంబాలవారు తరచుగా అడిగే ప్రశ్నకు ఇక్కడ సమాధానం చెప్పడం సబబు. బజారులోని డి3 చాలావరకు గొర్రె ఉన్ని జిడ్డు నుండి వస్తుంది. ఆ జిడ్డులోని కొలెస్టరాల్‌ను 7-డీహైడ్రోకొలెస్టరాల్‌గా మార్చి, దీపాల కాంతిలో వలయం తెరిపించి, వెచ్చచేస్తారు. చర్మంలో జరిగేదే కర్మాగారంలో జరుగుతుంది. ఉన్ని కత్తిరించడానికి గొర్రెను చంపనక్కరలేదు. అయినా అభ్యంతరమున్నవారికి లైకెన్ అనే రాతిపువ్వు జాతి నుండి తీసిన డి3 దొరుకుతుంది. శిలీంధ్రాల నుండి తయారయ్యే డి2 కూడ ఉన్నది గాని అది రక్తంలో స్థాయిని కొంత తక్కువగా పెంచుతుంది. మెత్తని గుళికల పైతొడుగు జంతు జెలటిన్ కావచ్చు కనుక సీసా మీది అక్షరాలు చదవాలి.

ఇండియా నుండి వచ్చే పెట్టెలలో 60,000 యూనిట్ల పొట్లాలు, గుళికలు కనిపించడం పరిపాటి. లోటు బాగా ఉన్నవారికి వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాల పాటు వైద్యులు ఇచ్చే మందు అది. ఒక్క పొట్లం నూరు రోజుల మోతాదుకు సమానం. దానిని ‘విటమినే కదా’ అని రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, అతిదాహం, మూత్రపిండాలకు దెబ్బ వరకు రావచ్చు. అటువంటి కేసులు వైద్య పత్రికలలో నమోదైనాయి. ఎండలో ఉన్న అడ్డుకట్ట మాత్రకు లేదని పైన చెప్పినది ఇందుకే. ఒక్కసారే కుండపోతగా ఇవ్వడం కూడ మంచిది కాదు. ఆస్ట్రేలియాలో 70 ఏళ్ళు దాటిన స్త్రీలకు ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే పడిపోవడం, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగాయి. 2010లో ఆ ఫలితం వచ్చింది. వారి మానసిక స్థితిలోనూ మేలు కనిపించలేదు.

బెంగ ఎప్పటివరకు బెంగ?

తెలుగులో ‘బెంగ’ అన్న చక్కని మాట ఉన్నది. ఇల్లు విడిచి వచ్చిన పిల్లలకు అది సహజం. స్నేహితులు ఏర్పడి, చదువు గాడిలో పడేసరికి తగ్గిపోతుంది. తగ్గక, రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ విచారం గాని, ఇష్టమైన పనులపై కూడ అనాసక్తి గాని ఉండి, వాటికి తోడు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతింటే, తాను పనికిరానివాడినన్న భావమో చావు గురించిన ఆలోచనలో వస్తుంటే, వైద్యులు దానిని వ్యాధిగానే చూస్తారు. జీవితంలో వచ్చే మానసిక వ్యాధులలో సుమారు ముప్పాతిక భాగం 24 ఏళ్ళ లోపే మొదలవుతాయని 2005లో ప్రచురితమైన అమెరికా జాతీయ సర్వే తెలిపింది. అనగా కళాశాల వయస్సుకూ ఈ వ్యాధులు తలెత్తే వయస్సుకూ తేడా లేదు.

ఇటువంటప్పుడు తెలుగిళ్ళలో మాత్ర వైపు మనస్సు మొగ్గడానికి కారణం ఊహించదగినదే. “విటమిన్ తక్కువైంది” అని బంధువులకు చెప్పవచ్చు. “మానసిక వైద్యుని దగ్గరకు వెళుతున్నాడు” అని చెప్పడానికి ఇంకా నోరు రాదు. పెళ్ళి సంబంధాల మాట ఒకటి అడ్డు వస్తుంది. ఆ మొగమాటం వల్ల సహాయం ఒక సెమిస్టరు ఆలస్యమైతే, ఆ సెమిస్టరులో పోయిన మార్కులు, దానివల్ల వీసా గురించి కలిగే భయం కుంగుబాటును ఇంకా పెంచుతాయి.

అమెరికాలోని చాలా విశ్వవిద్యాలయాలలో విద్యార్థులకు కౌన్సిలింగు కేంద్రాలున్నాయి; పలుచోట్ల కొన్ని సంప్రదింపులకు విడిగా రుసుము ఉండదు. అక్కడ చెప్పినది గోప్యంగా ఉంటుంది. ప్రాణాపాయం వంటి సందర్భాలలో తప్ప, విద్యార్థి అనుమతి లేనిదే తల్లిదండ్రులకు కూడ చెప్పరు. ఫీజు కట్టేది తామే అయినప్పుడు ఇది కొందరు తల్లిదండ్రులకు కష్టంగా తోచవచ్చు గాని, ఆ గోప్యతే పిల్లలను లోపలికి అడుగు వేయనిస్తుంది. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నట్లు అనుమానం కలిగితే అపాయింటుమెంటు దాకా ఆగరాదు. 2022 జులై నుండి అమెరికా అంతటా 988 అనే మూడంకెల నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, సందేశం పంపవచ్చు. ఇండియాలో అదే సంవత్సరం అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. అడగడానికి సంకోచించనక్కరలేదు, చావు ఆలోచనలున్నాయా అని సూటిగా అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.

వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు విటమిన్ డి ఒక్కటే చూడమని అడగడం చాలదు. నీరసానికి, దిగులుకు థైరాయిడ్ లోపం, రక్తహీనత, శాకాహారులలో తరచుగా కనిపించే విటమిన్ బి12 లోటు కూడ కారణాలు కావచ్చు. ఒకే రక్తనమూనాతో అన్నీ తేలుతాయి. విటమిన్ డి లోటు తేలితే మాత్రలు మొదలుపెట్టిన తరువాత రక్తంలో స్థాయి కుదుటపడడానికి సుమారు మూడు నెలలు పడుతుంది, మళ్ళీ పరీక్ష అప్పుడే. కౌన్సిలింగుకు పేరు నమోదు చేసుకొనడానికి ఆ మూడు నెలలు ఆగనక్కరలేదు. రెండూ ఒకే వారంలో మొదలుపెట్టవచ్చు.